సర్దార్ పోతే బగావత్ పోతుందా?

2025 మే నెల నుంచి నన్ను ఎక్కువమంది అడిగిన సవాల్ ఒక్కటే. "భాయ్, పేపర్లో పనిచేస్తవు కదా, జర చెప్పు. లీడర్ పోయిండు. నక్సలైట్ల కథ ఇక ఖతమేనా?" తాండూరులో చాయ్ హోటల్ దగ్గర అడిగారు. వికారాబాద్ నుంచి వచ్చే బండిలో అడిగారు. ఒక వలీమాలో బిర్యానీ ప్లేటు చేతిలో పట్టుకుని కూడా అడిగారు. ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. అదే మాట తెలుగులోకి వచ్చి సవాలు అయ్యాక, "దమ్ముంటే రా" అని పిలవడం అయింది. ఈ విషయంలో మాత్రం రెండు అర్థాలూ సరిపోతాయి. ఇది ప్రశ్నే, హుకూమత్‌కు సవాలు కూడా.

నా జవాబు ముందే చెప్పేస్తాను. సర్దార్ చనిపోతే తుపాకీ కొంతకాలం ఆగుతుంది, ఒక్కోసారి పూర్తిగానే ఆగుతుంది. కానీ బగావత్ పోతుందా లేదా అన్నది అతని జనాజా తర్వాత ఆ జనం చేతికి ఏం అందుతుందన్న దాని మీద ఉంటుంది. పట్టా కాగితం అందితే ఒక తారీఖ్, పోలీసు క్యాంపు మాత్రమే అందితే ఇంకో తారీఖ్. ఇది నా ఊహ కాదు. మన తెలుగు నేల మీద వందేళ్లలో పలుమార్లు జరిగింది.

ముందు ఖబర్ సాఫ్‌గా చెప్పుకుందాం. 2025 మే 21న ఛత్తీస్‌గఢ్‌లోని నారాయణపూర్ జిల్లా అబూజ్‌మడ్ అడవిలో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు, అంటే బసవరాజు, ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేట అతని ఊరు. వరంగల్ ఆర్‌ఈసీలో ఇంజనీరింగ్ చదివాడు. 2018లో గణపతి తప్పుకున్నాక పార్టీ పగ్గాలు తీసుకున్నాడు. చనిపోయేనాటికి దాదాపు డెబ్బై ఏళ్లు. ప్రధాన కార్యదర్శి స్థాయి నాయకుడు ఇలా పోవడం మూడు దశాబ్దాల్లో ఇదే మొదటిసారని హోంమంత్రి అమిత్ షా ప్రకటించారు. అక్టోబర్‌లో మల్లోజుల వేణుగోపాలరావు అరవై మందితో గడ్చిరోలిలో, తక్కళ్లపల్లి వాసుదేవరావు అలియాస్ ఆశన్న రెండువందల మందికి పైగా సాథీలతో బస్తర్‌లో ఆయుధాలు అప్పగించారు. నవంబర్ 18న మారేడుమిల్లి అడవిలో హిడ్మా, అతని భార్య రాజే, మరో నలుగురు చనిపోయారు. ఎన్‌కౌంటర్ అని పోలీసులు అంటున్నారు, పట్టుకొచ్చి చంపారని హక్కుల సంఘాలు అంటున్నాయి. 2026 మార్చి 31 నాటికి దేశంలో మావోయిజం ఉండదని కేంద్రం గడువు పెట్టింది.

నేను బసవరాజు కోసం మర్సియా రాయడానికి కూర్చోలేదు. 2010 ఏప్రిల్ 6న చింతల్‌నార్ దగ్గర చనిపోయిన 76 మంది జవాన్లలో ఎక్కువమంది గరీబ్ ఇళ్ల పిల్లలే. ఇన్ఫార్మర్ అని ముద్రవేసి ఊరి మధ్యలో గొంతు కోసిన ఆదివాసుల లెక్క కూడా చిన్నది కాదు. మనకు దగ్గర్లోనే, నారాయణపేటలో, 2005 ఆగస్టు 15న జెండా ఎగరేసే రోజే మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కొడుకును కాల్చి చంపారు. జెండా పండుగకు ఇంట్లోంచి బయల్దేరినవాళ్లు మయ్యత్‌లై తిరిగొచ్చారు. బేగునాహ్ ప్రాణం తీయడం గురించి మన దీన్ ఏం చెబుతుందో మీకు నేను గుర్తు చేయనక్కర్లేదు. మజ్లూమ్ పేరు చెప్పి జుల్మ్ చేసినా అది జుల్మే.

అయితే ఒక మనిషి చేసింది తప్పని చెప్పడం వేరు, అతను పోతే ఏమవుతుందో లెక్కవేయడం వేరు. రెండోదానికి జజ్బాత్ పనికిరావు, తారీఖ్ కావాలి.

మొదట మన నిజాం రాజ్యం నుంచే మొదలుపెడదాం. నేను చిన్నప్పుడు ఉర్దూ మీడియంలో చదువుకున్నాను. నిజాం కట్టించిన దవాఖానాలు, నహర్‌లు, యూనివర్సిటీ గురించి ఫఖర్‌గా విన్నాను. కొమురం భీమ్ నాకు దొరికింది తర్వాత, తెలుగులో డిగ్రీ చదివేటప్పుడు. ఆసిఫాబాద్ వైపు జోడేఘాట్ గుట్టల్లో గోండులను కూడగట్టి, "జల్, జంగల్, జమీన్ మావి" అన్న మనిషి. చూడండి, ఆ గోండు నాయకుడి నినాదంలో జంగల్, జమీన్ రెండూ మన ఇళ్లలో రోజూ వాడే మాటలు. హుకూమత్‌కు అర్థమయ్యే జుబాన్‌లోనే అడిగాడు. 1940లో నిజాం పోలీసులు అతన్ని కాల్చి చంపారు.

ఆ తర్వాత జరిగింది చాలామందికి తెలియదు. బగావత్ ఎందుకు వచ్చిందో తెలుసుకోమని నిజాం సర్కార్ హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పరిశోధకుడిని ఆ గూడేలకు పంపింది. ఆయన గోండుల మధ్య ఉండి, వాళ్ల జమీన్ ఎలా చేజారిందో రాసి ఇచ్చాడు. 1940ల్లో గోండులకు, కోలాములకు పెద్ద ఎత్తున పట్టాలు ఇచ్చారు. గోండీ భాషలో చదువు చెప్పే బడులు పెట్టారు. భీమ్ పేరును ప్రజలు దేవుడిలా నిలుపుకున్నారు గానీ, ఆ తరంలో అక్కడ మళ్లీ తుపాకీ లేవలేదు. గోలీ నాయకుడిని ఆపింది, బగావత్‌ను ఆపింది పట్టా.

కథ అక్కడితో అయిపోలేదు. తర్వాతి దశాబ్దాల్లో బయటి నుంచి వలసలు వచ్చాయి. అప్పుల్లో, మోసంలో, కచేరీల చుట్టూ తిరగడంలో ఆ జమీన్ మళ్లీ చేజారింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది, జనం లెక్క అంతకన్నా చాలా ఎక్కువ. ఆదిలాబాద్ అడవిలో పీపుల్స్‌వార్ వేళ్లూనుకున్నది ఆ రోజుల్లోనే. భీమ్ పోయాక ఆరిన నిప్పు నలభై ఏళ్లకు మళ్లీ ఎందుకు రాజుకుందంటే, ఆర్పడానికి వాడిన నీళ్లను మనమే వెనక్కి లాక్కున్నాం కాబట్టి.

ఇంకో ఉదాహరణ అల్లూరి సీతారామరాజుది. 1922లో మొదలైన రంప తిరుగుబాటు 1924 మే 7న ఆయన్ను చంపడంతో దాదాపు ముగిసింది. ఆ పోరాటం చాలావరకు ఆ ఒక్క మనిషి చుట్టూ తిరిగింది, అందుకే ఆయనతో పోయింది. ఇంగ్రీజు సర్కార్ కాగితాల్లో ఆయన బాగీ. ఇవాళ ఆయన పేరు మీద ఒక జిల్లా ఉంది. హిడ్మా చనిపోయిననాటికి మారేడుమిల్లి ఆ జిల్లాలోనిదే. ఇద్దరూ ఒకటే అనడం లేదు. పోడు భూమి మీద హక్కు ఎవరిది అన్న సవాల్ మాత్రం వందేళ్ల తర్వాత కూడా ఆ కొండల్లోనే తిరుగుతోంది.

శ్రీకాకుళం సంగతి చూడండి. 1970 జూలైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ చనిపోయారు. ఉద్దానంలో, ఏజెన్సీలో ఉద్యమం కూలిపోయింది. నక్సలిజం ఖతం అని అప్పుడు కూడా అన్నారు. పదేళ్లకు, 1980లో, కొండపల్లి సీతారామయ్య పీపుల్స్‌వార్ పెట్టారు. నిప్పు శ్రీకాకుళం నుంచి కరీంనగర్‌కు నడిచింది. సత్యం, కైలాసం పోయినప్పుడు అదే జిల్లాలో పదిహేనేళ్ల కుర్రాడుగా ఉన్నవాడే తర్వాత బసవరాజు అయ్యాడు.

1999 డిసెంబర్ 2న పీపుల్స్‌వార్ కేంద్ర నాయకులు ముగ్గురు, నల్లా ఆదిరెడ్డి, ఎర్రంరెడ్డి సంతోష్‌రెడ్డి, శీలం నరేశ్, కరీంనగర్ జిల్లా కొయ్యూరు దగ్గర ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. పార్టీ నడుం విరిగిందని పత్రికలు రాశాయి. సరిగ్గా ఏడాదికి, అదే తారీఖున, పార్టీ తన గెరిల్లా సైన్యాన్ని ప్రకటించింది. చంపిన రోజునే పుట్టినరోజు చేసుకున్నారు. అప్పుడు కింద నుంచి కొత్త జవానీ వస్తూనే ఉంది, అందుకే పైన ముగ్గురు పోయినా సంస్థ నిలబడింది.

ఈ లెక్క రెండో వైపు కూడా పనిచేస్తుంది. గ్రేహౌండ్స్ దళాన్ని తయారుచేసిన ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్‌ను 1993 జనవరిలో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో నక్సలైట్లు కాల్చి చంపారు. గ్రేహౌండ్స్ ఆగిందా? ఇంకా బలపడింది. వెనకాల జీతం, ట్రైనింగ్, భర్తీ ఉన్న సంస్థకు ఒక మనిషి పోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు.

కిషన్‌జీ సంగతి మరీ ముఖ్యం. పెద్దపల్లికి చెందిన మల్లోజుల కోటేశ్వరరావు 2011 నవంబర్ 24న పశ్చిమ బెంగాల్ అడవిలో చనిపోయాడు. అక్కడి జంగల్‌మహల్‌లో ఉద్యమం నిజంగానే ఆగిపోయింది. కానీ బస్తర్‌లో ఆగలేదు. 2013 మేలో జీరం లోయలో కాంగ్రెస్ నాయకుల కాన్వాయ్ మీద భయంకరమైన దాడి జరిగింది. ఒకే పార్టీ, ఒకే నాయకుడి మరణం, రెండు చోట్ల రెండు ఫలితాలు. బెంగాల్‌లో అదే ఏడాది సర్కార్ మారింది. రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చారు, ఊరి కుర్రాళ్లకు పోలీసులో నౌకరీలు ఇచ్చారు. బస్తర్‌లో అలాంటిదేమీ అప్పటికి రాలేదు.

ఇప్పుడు దునియా వైపు చూద్దాం. మన ఇళ్లలో ఈ ముచ్చట వచ్చినప్పుడల్లా పిల్లలు ఒసామా, బగ్దాదీ పేర్లు తీస్తారు. తీయనివ్వండి, దాచాల్సిందేమీ లేదు. 2006 జూన్‌లో ఇరాక్‌లో జర్ఖావీని అమెరికా చంపింది. నాలుగు నెలల్లో అతని మనుషులు "ఇస్లామిక్ స్టేట్ ఆఫ్ ఇరాక్" అని కొత్త బోర్డు పెట్టారు. 2010లో దాని పెద్దలు ఇద్దరు పోయారు, ఆ కుర్చీలోకి బగ్దాదీ వచ్చాడు. 2014లో మోసుల్ వాళ్ల చేతిలో పడింది. మరణాలు ఆ మంటను ఆపలేదు. కూలిన హుకూమత్, జైళ్లలో కుక్కిన వేలమంది, పక్క దేశంలో జంగ్, ఇవన్నీ దానికి కట్టెలు వేశాయి. ఆ మంటలో ఎక్కువగా కాలిపోయింది ముసల్మానులే.

దీనికి ఉల్టా శ్రీలంక. 2009 మేలో ప్రభాకరన్ చనిపోవడంతో ఎల్‌టీటీఈ ముగిసింది. మొత్తం సంస్థ ఒక్క మనిషి పిడికిలిలో ఉండేది, ఆ పిడికిలి చుట్టూ సైన్యం ఉచ్చు బిగించింది. తుపాకీ ఆగింది గానీ, తమిళుల హక్కుల సంగతి ఇంకా తేలలేదు.

ఇక పెరూ దేశం. అక్కడి మావోయిస్టు గుంపు షైనింగ్ పాత్ నాయకుడు గుజ్మన్‌ను 1992 సెప్టెంబర్‌లో పోలీసులు ప్రాణాలతో పట్టుకున్నారు. ఏడాది తిరిగేసరికి జైలు నుంచే ఆయుధాలు దించుదామన్నాడు. అతని సంస్థ రెండుగా చీలి చిన్నదైపోయింది. షహీద్ అయిన నాయకుడి ఫొటో గోడకు ఎక్కుతుంది. బతికున్న నాయకుడు "ఇక చాలు" అంటే ఆ ఫొటో తనే గోడ దిగుతుంది.

మన మల్లోజుల అన్నదమ్ములను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే తల్లి పిల్లలు. అన్న కిషన్‌జీని 2011లో చంపారు, అతని సంస్థ ఇంకో పద్నాలుగేళ్లు నడిచింది. తమ్ముడు వేణుగోపాలరావు 2025లో సాయుధ పోరాటం ఇక నడవదని చెప్పి అడవి దిగాడు. రెండురోజులు తిరగకుండానే బస్తర్‌లో రెండువందల మందికి పైగా దిగారు. మరణించిన అన్న కన్నా బతికున్న తమ్ముడే ఎక్కువ తుపాకులు దింపించాడు.

2010లో కూడా ఇలాంటి మౌకా ఒకటి వచ్చింది. పార్టీ తరఫున మాట్లాడే ఆజాద్, అంటే చెరుకూరి రాజ్‌కుమార్, స్వామి అగ్నివేశ్ ద్వారా కేంద్రంతో శాంతి చర్చలకు ఉత్తరాలు నడుపుతున్న రోజులు. ఆ జూలైలో ఆదిలాబాద్ అడవిలో అతన్ని, అతని వెంట ఉన్న జర్నలిస్ట్ హేమచంద్ర పాండేను ఎన్‌కౌంటర్‌లో చంపారు. ఈ కేసు సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు, రిపబ్లిక్ తన సొంత పిల్లలను చంపుకోవడాన్ని ఒప్పుకోలేమని జస్టిస్ ఆఫ్తాబ్ ఆలం ధర్మాసనం అంది. ఉత్తరం మోసేవాడు పోతే ఉత్తరం కూడా పోతుంది. చర్చలు అక్కడే ఆగిపోయాయి.

అమెరికాలో జెన్నా జోర్డన్ అనే పరిశోధకురాలు 1945 నుంచి 2004 దాకా నాయకులను చంపిన, లేదా పట్టుకున్న 298 ఘటనలను వరుసగా పరీక్షించింది. చిన్న, కొత్త సంస్థలు ఆ దెబ్బకు కూలుతాయని, పాతబడిన పెద్ద సంస్థలు తట్టుకుని నిలబడతాయని ఆమె తేల్చింది. ఆ లెక్కన మావోయిస్టు పార్టీ నిలబడాలి. మరి ఎందుకు కూలుతోంది?

ఎందుకంటే అది మే 21న కూలడం మొదలుపెట్టలేదు. నాయకుడి మరణం ఎప్పుడో లోపల ఎండిపోయిన చెట్టును మనకు చూపించింది, అంతే. కేంద్ర హోంశాఖ లెక్క ప్రకారం 2013లో 126 జిల్లాల్లో ఉన్న ఉద్యమం 2025 అక్టోబర్ నాటికి 11 జిల్లాలకు వచ్చింది. అప్పటికి కేంద్ర కమిటీలో మిగిలినవాళ్లు ఎక్కువమంది మన తెలుగువాళ్లే, అరవై దాటినవాళ్లే. 1980ల్లో తెలంగాణ కాలేజీల నుంచి పోయిన తరం అది. వాళ్ల వెనకాల రెండో తరం పోలేదు. గ్రేహౌండ్స్ భయం ఒక కారణం. ఊరి దొర గడీ ఖాళీ అయిపోవడం, గల్ఫ్, ఇంజనీరింగ్ సీట్లు, హైదరాబాద్ నౌకరీలు, కోపాన్ని సడక్ మీదికి తెచ్చిన ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, ఇవి అంతకన్నా పెద్ద కారణాలు.

మన జిల్లాలోనే సబూత్ ఉంది. 2024 నవంబర్‌లో వికారాబాద్ జిల్లా దుద్యాల మండలం లగచర్లలో భూసేకరణ మీద రైతుల కోపం కట్టలు తెంచుకుంది. కలెక్టర్ మీద, అధికారుల మీద దాడి జరిగింది. అది గలత్, ఆ మాట దాచకుండా చెప్పాలి. రాత్రికి రాత్రి అరెస్టులు జరిగాయి, తండాల్లో ఖౌఫ్ వ్యాపించింది. ఆ తర్వాత ఏమైంది? ఆ లంబాడీ ఆడవాళ్లు ఢిల్లీకి వెళ్లారు. ఎస్టీ కమిషన్ తలుపు, మానవ హక్కుల కమిషన్ తలుపు తట్టారు. వకీళ్లు కోర్టుకు వెళ్లారు. నవంబర్ అయిపోకముందే ఆ ఫార్మా నోటిఫికేషన్‌ను సర్కార్ వెనక్కి తీసుకుంది, ఆ స్థానంలో పారిశ్రామిక పార్కు అంది. ఝగడా పూర్తిగా తీరలేదు. కానీ నలభై ఏళ్ల కింద ఇంత కోపం ఉన్న కుర్రాడికి అడవి దారి ఒక్కటే కనిపించేది. ఇవాళ అతనికి ఢిల్లీ రైలు, హైకోర్టు మెట్లు, ఫోన్‌లో వీడియో కనిపిస్తున్నాయి. ఆ తలుపులు తెరిచి ఉన్నంతకాలం ఏ సర్దార్‌కూ మన తండాల్లో భర్తీ దొరకదు. మూసేస్తే ఎంతమంది బసవరాజులను చంపినా లాభం లేదు.

బస్తర్‌లో ఆ తలుపులు తెరిచి ఉన్నాయా? 2017 ఏప్రిల్‌లో బుర్కాపాల్ దగ్గర 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ కేసులో చుట్టుపక్కల ఊళ్ల ఆదివాసులను జైల్లో వేశారు. ఐదేళ్ల తర్వాత, 2022 జూలైలో, 121 మందిని కోర్టు నిర్దోషులని వదిలింది. ఆ ఐదేళ్లు ఎవరిస్తారు? ఈ సవాల్ మనకు కొత్త కాదు. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత ఎత్తుకుపోయిన మన పిల్లలు కూడా నిర్దోషులుగానే బయటికి వచ్చారు. నౌకరీ పోయింది, సంబంధాలు తప్పిపోయాయి, ఇల్లు అద్దెకు ఇచ్చేవాళ్లు లేరు. బుర్కాపాల్ తల్లి బాధ అర్థం కావడానికి మన అమ్మీలకు తర్జుమా అక్కర్లేదు.

నా ఛోటా భాయ్‌కి ఈ మాటలు నచ్చవు. "భాయ్, 2004లో మాట్లాడిన్రు కదా. ఏమైంది? ఆ టైంలో వాళ్లు బలం పెంచుకున్నరు, మళ్లీ కాల్చిన్రు," అంటాడు. అతని మాటలో నిజం ఉంది. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి. 2005 జనవరికి తెగిపోయాయి. అదే ఏడాది ఆగస్టులో నారాయణపేట ఘోరం జరిగింది. రెండు వైపులా నీయత్ సాఫ్‌గా లేదు. కానీ అప్పటి పార్టీ వేరు, ఇప్పటి పార్టీ వేరు. 2025 వసంతంలో కాల్పుల విరమణకు తయార్ అని వాళ్లే ప్రకటనలు ఇచ్చారు, సర్కార్ ఆయుధాలు దించితేనే మాట అంది. గెలుస్తున్నవాడు మాట్లాడితే కంజోరీ అనరు, ఫరాఖ్‌దిలీ అంటారు. ఓడిపోతున్న వైరికి దిగివచ్చే దారి చూపించడం యుద్ధవిద్యలో కూడా పాత పాఠమే.

ఇంకో ఖత్రా ఉంది. సర్దార్ పోయాక తుపాకులన్నీ మాయం కావు, చేతులు మారతాయి. భువనగిరి నయీముద్దీన్ మనకు తెలుసు. నక్సలైట్‌గా మొదలై, వ్యాస్ హత్య కేసులో జైలుకు పోయి, ఆ తర్వాత పోలీసులకు ముఖ్బిర్ అయ్యాడని పత్రికలన్నీ రాశాయి. చివరికి భూముల సెటిల్‌మెంట్లు చేసే గ్యాంగ్‌స్టర్ అయ్యాడు. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో ఎన్‌కౌంటర్‌లో పోయాడు. మధ్యలో ఎంతమంది గరీబుల ప్లాట్లు పోయాయో లెక్క లేదు. ఇవాళ బస్తర్‌లో లొంగిపోయినవాళ్లలో కొందరిని జిల్లా రిజర్వ్ గార్డ్‌లో చేర్చుకుని, పాత సాథీల మీదికే పంపుతున్నారు. సల్వాజుడుంలో ఆదివాసుల చేతికే తుపాకీ ఇచ్చి ఆదివాసుల మీదికి తోలడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి మన పాత రంగారెడ్డి జిల్లావారే. బగావత్ ముగిశాక అడవిలో నయీములు పుట్టకూడదంటే, లొంగిపోయిన మనిషికి తుపాకీ కాకుండా హునర్ ఇవ్వాలి.

ఇక మయ్యత్ సంగతి. మన దగ్గర దుష్మన్ మయ్యత్‌కు కూడా హక్ ఉంటుంది. అసలు తెలుగులో రోజూ వాడే హక్కు అన్న మాట మన హక్ నుంచి వచ్చిందే. బసవరాజు దేహం కోసం అతని ఇంటివాళ్లు హైకోర్టు దాకా వెళ్లారు. దేహం ఇంటికి రాలేదు, నారాయణపూర్‌లో పోలీసులే దహనం చేశారు. ఆరు నెలల తర్వాత హిడ్మా, రాజేల దేహాలను మాత్రం సుక్మా జిల్లాలోని వాళ్ల ఊరు పువర్తికి పంపారు. జనం వచ్చారు, ఏడ్చారు, తమ రివాజు ప్రకారం సాగనంపారు. హుకూమత్ కూలిపోలేదు కదా? ఏడవనిచ్చిన ఊరు ఏడ్చి ఊరుకుంటుంది. ఏడవనివ్వని ఊరిలో ఆ కన్నీళ్లు పిల్లల కళ్లలో మిగిలిపోతాయి.

"మనకెందుకు ఇదంతా?" అని కొందరు బుజుర్గులు అంటారు. మనకు చాలా ఉంది. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తెస్తుండగా ఆలేరు దగ్గర పోలీసు బండిలోనే వికారుద్దీన్, మరో నలుగురు విచారణ ఖైదీలు కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులు అన్నారు. చేతులకు బేడీలున్న మయ్యత్‌ల ఫొటోలు లోకమంతా చూసింది. వాళ్లు దహషత్‌గర్దులా కాదా అన్నది అదాలత్ చెప్పాల్సిన మాట. వాళ్లు ముజ్రిములే అయితే, పోలీసుల కుటుంబాలకు తీర్పు దక్కలేదు. కాకపోతే, వాళ్ల కుటుంబాలకు ఇన్సాఫ్ దక్కలేదు. రెండు వైపులా నష్టమే. అడవిలో కోర్టు లేని చావుకు చప్పట్లు కొట్టే అలవాటు పడితే, ఆ అలవాటు అడవి దాటి మన గల్లీ దాకా వస్తుంది. ఆ భయంతోనే నేను ఇది రాస్తున్నాను.

అందుకే మీ పిల్లలు "నాయకుడు చచ్చిపోయాడు, అయిపోయినట్టేనా?" అని అడిగితే గోలీల లెక్క చెప్పకండి. జోడేఘాట్ పట్టాల కథ చెప్పండి, తర్వాత ఇంద్రవెల్లి కథ కూడా చెప్పండి. తుపాకీ పట్టుకున్నవాడు మజ్లూమ్‌కు ఇన్సాఫ్ తేలేడని చెప్పండి. ఇన్సాఫ్ ఇవ్వని హుకూమత్ తుపాకీని ఎక్కువకాలం ఆపలేదని కూడా అదే గొంతుతో చెప్పండి. ఒకటి చెప్పి ఇంకోటి దాస్తే సగం సచ్ అవుతుంది.

మార్చి 31 లాంటి గడువులు వస్తాయి, పోతాయి. గడువు నెరవేరిందని హుకూమత్ ప్రకటించవచ్చు, ఆ ప్రకటన నిజమే కావచ్చు కూడా. నేను చూసేది గడువు దాటిన పొద్దున. పువర్తిలో బడికి ఉస్తాద్ వచ్చాడా, దవాఖానాలో డాక్టర్ ఉన్నాడా, అటవీ హక్కుల చట్టం కింద ఇవ్వాల్సిన పట్టా ఆ ఊరి చేతికి వచ్చిందా, గనుల కోసం భూమి అడిగేటప్పుడు గ్రామసభను నిజంగా అడిగారా, జైల్లో ఉన్న బేగునాహ్‌లు ఇంటికి వచ్చారా. వీటికి "హా" అనే జవాబు వస్తే బసవరాజు మరణంతో ఒక బగావత్ ముగిసిందని నేనే రాస్తాను. "నహీ" అని వస్తే, ఇప్పుడు పదిహేనేళ్లున్న ఏ కుర్రాడో ఆ అడవిలో ఇదంతా చూస్తూ ఉన్నాడని అర్థం.